గింజ నుంచి గ్లాసు దాకా...

నెల్లూరు పేరు చెప్పగానే చేపల పులుసు గుర్తొస్తుంది. మొలగొలుకుల బియ్యం గుర్తొస్తాయి. నోరు తీపి చేసుకోవాలంటే మలైకాజా ఉండనే ఉంది. ఈ జాబితాలో కాఫీ పేరు ఎవరూ చెప్పరు. అలాగని నెల్లూరు జిల్లావాసుల్ని కాఫీ లేకుండా ఒక్క పూట ఉండమనండి చూద్దాం! చెన్నైకి 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. అరవనాట ఎంత ఇష్టంగా ఫిల్టరు కాఫీ తాగుతారో ఇక్కడా అంతే. తెల్లారేసరికి డికాక్షన్ దిగి ఉండాలి. పాలు పొంగాలి. గ్లాసు, డబరా సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాతే పేపరు, ఆ తర్వాతే లోకం.

అలాంటి వంటింట్లోకి ఈమధ్య కొత్త చుట్టం వస్తోంది. పైన గింజలు పోసి, పక్కన నీళ్లు నింపి, బటన్ నొక్కితే చాలు... నిమిషంలో కాఫీ చేతికిచ్చే ఆటోమేటిక్ మెషిన్. కావలిలోనో, ఇందుకూరుపేటలోనో, ముత్తుకూరులోనో ఉంటున్న అమ్మానాన్నలకి డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు ఫోన్ చేస్తారు. ‘‘ఇంకా ఆ ఫిల్టరుతో ఏం తిప్పలు పడతావు మా! మెషిన్ పంపిస్తా, బటన్ నొక్కుకో, చాలు’’ అంటారు. ప్రేమతో అనే మాటే. కానీ అవతల పెట్టే ఖర్చు వేలల్లో. మోడల్‌ని బట్టి సుమారు రూ.40 వేల నుంచి లక్ష దాకా. అంత పోసి తెచ్చిన వస్తువు ఆరు నెలలు తిరిగేసరికి గుడ్డ కప్పుకుని అటకెక్కితే?

ఎక్కకుండా ఉండాలంటే కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది కొనాలి?’ అన్నది కాదు. అది ఆఖరి ప్రశ్న. దానికంటే ముందు మూడున్నాయి. మీ ఇంట్లో తాగేది ఏ కాఫీ? అందులో పోయబోయేది ఏ నీళ్లు? రోజూ దాన్ని కడిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే మెషిన్ ఎంపిక సగం అయిపోయినట్టే.

పెట్టెలో ఏముంది?

ముందు దీని సంగతి తెలుసుకుందాం. పైన గింజల డబ్బా. దాని కింద మర. ఒక పక్క నీళ్ల ట్యాంకు. లోపల హీటరు, పంపు. అన్నిటికీ మధ్య ‘బ్రూ గ్రూప్’ అనే భాగం. మెషిన్‌కి గుండెకాయ అదే. బటన్ నొక్కగానే మర సుమారు 7 నుంచి 12 గ్రాముల గింజల్ని మెత్తగా పొడి చేస్తుంది. ఆ పొడిని బ్రూ గ్రూప్ గట్టిగా అదుముతుంది. దాదాపు 90 డిగ్రీలు వేడెక్కిన నీటిని పంపు ఒత్తిడితో పొడిలోంచి తోస్తుంది. అర నిమిషంలో చిక్కటి ఎస్ప్రెసో గొట్టంలోంచి కిందికి దిగుతుంది. మిగిలిన పిప్పి బిళ్లలా తయారై లోపలున్న డబ్బాలో పడిపోతుంది. మనం చేసేది కప్పు పెట్టడం, తీసుకోవడం.

ఇది ఇటలీ వాళ్ల బుర్రలోంచి పుట్టింది. ట్యూరిన్ నగరవాసి ఏంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి 1884లోనే పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌కు చెందిన లుయీజీ బెజెరా దాన్ని ఒక్కో కప్పూ విడిగా తీసేలా మెరుగుపరిచాడు. అవన్నీ హోటళ్లకు పనికొచ్చే భారీ యంత్రాలు. గింజ మరపట్టడం దగ్గర్నుంచి కప్పు నింపడం దాకా అన్నీ తానే చేసే ఇంటి మెషిన్‌ని ఇటలీ కంపెనీ సయికో 1985లో తెచ్చింది. 2009లో ఆ కంపెనీని ఫిలిప్స్ కొనేసింది.

నిజానికి ‘గింజ నుంచి గ్లాసు దాకా’ అన్నది మన పెద్దవాళ్లకి కొత్తేం కాదు. పచ్చి గింజలు తెచ్చి పెనం మీద దోరగా వేయించి, బల్ల అంచుకి బిగించిన చేతిమరలో ఏ పూటకాపూట తిప్పి పొడి చేసుకున్న ఇళ్లు ఎన్నో. వీధి మొదట్లోకి వచ్చేసరికే ఆ వాసన ఎదురొచ్చేది. తర్వాత పొడి ప్యాకెట్లు వచ్చాయి, మర అటకెక్కింది. ఇప్పుడీ మెషిన్ ఇస్తున్న అసలు లాభం కూడా ఆ పాతదే... అప్పటికప్పుడు మరపట్టిన పొడి. గింజగా ఉన్నంతకాలం లోపల దాక్కునే సువాసన పొడి అయ్యాక నిమిషాల్లోనే ఎగిరిపోవడం మొదలవుతుంది. ప్యాకెట్ విప్పిన పదో రోజు కాఫీకి, తొలిరోజు కాఫీకి తేడా అందుకే.

డికాక్షన్ వేరు... ఎస్ప్రెసో వేరు

ఇక్కడే చాలా ఇళ్లలో పేచీ మొదలవుతుంది. మొదటి గ్లాసు తాగిన బామ్మ ‘‘ఏందిరా అబ్బయ్యా ఇది... కాఫీయా, కషాయమా?’’ అంటుంది. తప్పు బామ్మది కాదు, మెషిన్‌దీ కాదు. రెండూ వేరువేరు పానీయాలు.

మన ఫిల్టరులో నీళ్లు తమంతట తాము పావుగంటో ఇరవై నిమిషాలో చుక్క చుక్కగా దిగుతాయి. ఒత్తిడి ఏమీ ఉండదు. మెషిన్‌లో అదే పని ఒత్తిడితో అర నిమిషంలో అవుతుంది. రుచి ఘాటుగా, పైన పల్చటి నురగతో ఉంటుంది. రెండో తేడా ఇంకా పెద్దది... చికోరీ. మనం కొనే ఫిల్టరు పొడుల్లో చాలావాటిలో అది ఉంటుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన ఆహార భద్రత నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చన్నమాట. ప్యాకెట్ మీద ఏది ఎంత శాతమో రాసి ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కి నల్లటి రంగు, చిక్కదనం, కాస్త తీపి కలిసిన చేదు ఇచ్చేది అదే.

మెషిన్‌లో గింజలే పడతాయి కాబట్టి చికోరీ ఉండదు. ‘పొడి పోసుకోవడానికి కూడా ఓ దారి ఉంది కదా, అందులో మన ఫిల్టరు పొడి వేస్తే పోలా?’ అనుకోవద్దు. ఆ దారి ఉన్నది అచ్చమైన కాఫీ పొడి కోసం. చికోరీ తడిస్తే ఉబ్బి జిగటగా మారుతుంది. నీళ్లు దిగవు, జల్లెడ మూసుకుపోతుంది. ఇన్‌స్టంట్ పొడి అసలే వెయ్యకూడదు.

చిక్కదనం అలవాటైన నాలుకని కొంతవరకు ఒప్పించే ఉపాయం ఒకటుంది. అచ్చంగా అరబికా కాకుండా కొంత రొబస్టా కలిపిన గింజలు తీసుకోవడం. మన దేశంలో ఎక్కువ పండేది రొబస్టానే. అరబికాది సున్నితమైన సువాసన, కాస్త పులుపు. రొబస్టాది మోటు ఘాటు, చిక్కదనం. కెఫీన్ అరబికా కంటే ఇంచుమించు రెట్టింపు. కాబట్టి బీపీ, నిద్ర సమస్యలున్న పెద్దవాళ్లుంటే ఆ పాలు తగ్గించుకోవాలి. మూడొంతులు అరబికా, ఒక వంతు రొబస్టాతో మొదలుపెట్టి రుచిని బట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. చిక్‌మగళూరు, కూర్గ్ గింజలు ఉండనే ఉన్నాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా కూడా పొడిగానే కాక వేయించిన గింజలుగానూ దొరుకుతోంది.

గింజలు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. నల్లగా మాడి, నూనె రాసినట్టు నిగనిగలాడేవి వద్దు. ఆ నూనె మరకి పట్టుకుని పొడి దిగకుండా చేస్తుంది. గోధుమరంగులో, చేత్తో పట్టుకుంటే పొడిగా ఉండేవి మేలు. చక్కెర పాకం పట్టిన గింజలు, రుచులు అద్దిన గింజలు మరని పాడు చేస్తాయి.

ఉప్పు నీళ్లు వేరు, గార పట్టే నీళ్లు వేరు

ఇక అసలు కథ. మైపాడు, రామతీర్థం, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, కృష్ణపట్నం... సముద్రం చెంతనున్న ఊళ్లలో బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చాలాచోట్ల నోట్లో పెట్టుకోలేం. కాఫీ మెషిన్ ఆయుష్షు తేల్చేది కంపెనీ పేరు కన్నా ఈ నీళ్లే.

రెండు రకాల ఇబ్బందులున్నాయి. వాటిని కలగాపులగం చేయకూడదు. మొదటిది కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్లు. కాగినప్పుడు గిన్నె అడుగున తెల్లటి గార కడతాయి. మెషిన్ లోపల సన్నటి గొట్టాల్లోనూ హీటరులోనూ అదే జరుగుతుంది. దీనికి మందుంది. గార కరిగించే ద్రావణం పోసి తిప్పే ‘డీస్కేలింగ్’. ట్యాంకులో పెట్టే చిన్న ఫిల్టరు కూడా గారని తగ్గిస్తుంది. రెండోది ఉప్పు నీళ్లు. ఉప్పుని ఆ ఫిల్టరు ఆపదు. డీస్కేలింగ్ పోగొట్టదు. స్టీలునీ లోహపు భాగాల్నీ అది లోలోపలే తినేస్తుంది. కాబట్టి ‘మెషిన్‌లో ఫిల్టరుంది కదా’ అని తీరప్రాంతపు బోరు నీళ్లు పోయడమంటే మెషిన్‌ని మనమే చంపుకోవడం.

మరి ఆర్వో నీళ్లు? అవే దిక్కు. అయితే అందులోనూ ఓ కిటుకుంది. నీటిలో కరిగిన లవణాల్ని టీడీఎస్ అంకెతో కొలుస్తారు. తాగునీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. కాఫీ నిపుణులు మెచ్చేది 150 దగ్గర, 75కి తగ్గకుండా 250 మించకుండా. క్యాన్ నీళ్లలో ఇది ఏ 20కో 30కో పడిపోయిందంటే మెషిన్‌కి గార బాధ ఉండదు గానీ కాఫీ చప్పగా తేలిపోతుంది. గింజలోని రుచిని లాగడానికి నీటిలో కొద్దిపాటి లవణాలు ఉండాలి మరి! ఇంట్లో ఆర్వో ఉంటే దానికి టీడీఎస్ సర్దుకునే మీట ఉందేమో చూడండి. మెకానిక్ వచ్చినప్పుడు 100-150 మధ్య పెట్టించుకోండి. కానీ బోరు నీరే ఉప్పగా ఉంటే ఆ మీట జోలికి పోవద్దు. అది తిప్పితే కలిసేది ఆ ఉప్పే. టీడీఎస్ కొలిచే పెన్నులాంటి పరికరం కొన్ని వందల్లో దొరుకుతుంది. వేలు పోసి మెషిన్ కొనేవాళ్లు ముందు అది కొనుక్కోవడం తెలివైన పని.

గార పోగొట్టడానికి వెనిగర్ పోయమనే సలహాలు వింటుంటాం. రబ్బరు వాషర్లు దెబ్బతింటాయి. గూడూరు నిమ్మకాయలకి ఎంత పేరున్నా, నిమ్మరసం ఇందులోకి అక్కర్లేదు. కంపెనీ చెప్పిన ద్రావణమే వాడాలి. అరగంట పని. ఎన్నాళ్లకోసారి చేయాలో దీపం వెలిగించి మెషినే చెబుతుంది. వెలిగిన దీపాన్ని ‘రేపు చూద్దాంలే’ అని వాయిదా వేసేవాళ్ల మెషిన్లే ముందు మూలపడతాయి.

ఉప్పు గాలి, తుపాన్ల కాలం

నీళ్ల తర్వాత గాలి. సముద్రపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. కిటికీ పక్కన గట్టు మీద పెడితే స్క్రూలు, ప్లగ్గు పిన్నులు తుప్పు పడతాయి. పొయ్యి ఆవిరి తగిలేచోటా వద్దు. లోపలి వెచ్చదనానికి బొద్దింకలు చేరే ప్రమాదమూ ఉంది కాబట్టి చుట్టూ శుభ్రంగా ఉండాలి.

గింజల డబ్బా నిండా పోయకండి. రెండు రోజులకి సరిపడా చాలు. మిగతావి గాలి చొరబడని డబ్బాలో, చీకటి చోట. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే గింజల మీద చెమ్మ చేరుతుంది. కిలో ప్యాకెట్ చవగ్గా వస్తుందని ఎగబడకుండా 250 గ్రాములవి తెచ్చుకుంటే మేలు.

తేమతో అసలు ముప్పు లోపలుంది. తడి పిప్పి రెండు మూడు రోజులు డబ్బాలోనే ఉంటే మన వాతావరణంలో బూజు పట్టకుండా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మరీనూ. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే దంపతులు బయల్దేరేముందు ట్యాంకు ఖాళీ చేసి, గింజలు తీసేసి, బ్రూ గ్రూప్ కడిగి ఆరబెట్టి వెళ్లాలి. లేకపోతే తిరిగొచ్చాక మొదటి కాఫీ తాగడం కాదు కదా, వాసన కూడా చూడలేరు.

కరెంటు సంగతీ చూద్దాం. ఈ మెషిన్లు 1450-1500 వాట్లు లాగుతాయి. అంటే 6 ఆంపియర్లు దాటుతుంది. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాలి. బిల్లు గురించి బెంగ వద్దు. రోజుకు మొత్తం పది నిమిషాలు పూర్తి శక్తితో నడిచినా పావు యూనిటే. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న చిన్న ఇన్వర్టరు మాత్రం దీన్ని మోయలేదు. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఆ స్టీలు ఫిల్టరే ఆదుకోవాలి. కాబట్టి మెషిన్ వచ్చిందని దాన్ని పాత సామాన్లవాడికి వేసేయకండి!

అమెరికా నుంచి తెప్పిస్తే...

ఇది ముఖ్యం, పిల్లలకీ చదివి వినిపించండి. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి మెషిన్‌ని ఇక్కడ ప్లగ్గులో పెడితే ఆ క్షణంలోనే పోతుంది. సెల్‌ఫోన్ ఛార్జర్‌లా రెండింటికీ పనిచేసే వస్తువు కాదిది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చంటారు. 1500 వాట్లు మోసేది కావాలంటే అదే ఓ బరువైన పెట్టె. పైగా అది వోల్టేజీనే మారుస్తుంది, హెర్ట్జ్‌ని కాదు. లోపలి పంపు ఆ హెర్ట్జ్ లెక్కతోనే కొట్టుకుంటుంది కనుక దాని నడక మందగిస్తుంది.

ఆస్ట్రేలియా, యూరప్, గల్ఫ్‌లలోని చాలా దేశాల మెషిన్లు వోల్టేజీ వరకు మనకు సరిపోవచ్చు. ప్లగ్గు మార్చుకోవాలి, అంతే. కానీ వారంటీ? బయట కొన్నదానికి ఇక్కడ సాధారణంగా చెల్లదు. పాడైతే విడిభాగం కోసం మళ్లీ అక్కడినుంచి ఎవరో రావాలి. అందుకే పిల్లలు మెషిన్ పంపేకన్నా డబ్బు పంపి ఇక్కడే కొనిపించడం మేలు.

పాల దగ్గర పొదుపు

ధర పెరిగేది ఎక్కువగా పాల దగ్గరే. కాఫీ ఒక్కటే ఇచ్చేవి, పక్కన ఆవిరి గొట్టం ఉన్నవి కాస్త చవక. బటన్ నొక్కితే నురగపాలు కూడా తనే పోసే మోడళ్లు ఖరీదు. షాపులో చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మన ఇంటికి అది అవసరమా?

ఆ మెషిన్లు ఫ్రిజ్‌లోని చల్లటి పాలని తీసుకుని 60-65 డిగ్రీల దాకా వేడిచేసి నురగ పోస్తాయి. పొగలు కక్కే కాఫీని డబరాలో తిరగబోసుకుని తాగే మనకి అది గోరువెచ్చనే. పైగా మనవి చిక్కటి బర్రెపాలు. మీగడ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. ఒక్కరోజు కడగకపోయినా పుల్లటి వాసన. దానికన్నా మెషిన్‌లో ఎస్ప్రెసో తీసుకుని, పొయ్యి మీద కాచిన పాలు గ్లాసులో కలుపుకుంటే మన కాఫీకి దగ్గరగా ఉంటుంది, డబ్బూ మిగులుతుంది. ఖరీదైన పాల మోడలే కావాలనుకుంటే గొట్టాలు లేకుండా రెండు ముక్కలుగా ఊడివచ్చే పాల గిన్నె ఉన్నది చూసుకోండి.

కొనేది ఒకరు... కడిగేది ఒకరు

ఎవరూ అడగని ప్రశ్న ఇదే. మెషిన్ కాఫీ పెట్టే పనిని తగ్గిస్తుంది. కడిగే పనిని పుట్టిస్తుంది. రోజూ పిప్పి డబ్బా, కింద నీళ్లు పడే పళ్లెం కడగాలి. చిన్న మెషిన్లలో పిప్పి డబ్బా పది పన్నెండు కప్పులకే నిండుతుంది. వారానికోసారి బ్రూ గ్రూప్ బయటికి లాగి, సబ్బు లేకుండా నీళ్లకింద కడిగి ఆరబెట్టాలి. రెండు మూడు నెలలకోసారి దానికి కంపెనీ చెప్పిన గ్రీజు రాయాలి. మధ్యలో డీస్కేలింగ్.

‘నీకు శ్రమ తగ్గుతుంది’ అని కొనిచ్చిన వస్తువు చివరికి ఎవరి చేతికి వస్తుంది? ఇన్నాళ్లూ ఫిల్టరు కడిగిన ఆ చేతికే. ఆమె అరవై ఏళ్ల మనిషై, మోకాళ్ల నొప్పులతో ఉంటే? కాబట్టి మోడల్‌ని ఎంచాల్సింది కాఫీ తాగేవాళ్లు కాదు, కడగబోయేవాళ్లు. షాపుకి వాళ్లనే తీసుకెళ్లండి. ట్యాంకు వాళ్ల చేత్తో తీయించండి. 1.8 లీటర్ల ట్యాంకు నిండితే రెండు కిలోల దాకా బరువు. బ్రూ గ్రూప్ వాళ్లచేత ఊడదీయించి, మళ్లీ పెట్టించండి. సులువుగా ‘క్లిక్’మని కూర్చుంటే సరే. తడబడితే ఇంకో మోడల్. లేదంటే ఇంట్లో ఇంకెవరైనా ‘వారం వారం నేను కడుగుతా’ అని ముందే ఒప్పుకోవాలి.

డెలోంగి, ఫిలిప్స్, మెలిట్టా చిన్న మోడళ్లలో బ్రూ గ్రూప్ బయటికి వస్తుంది. జురా మెషిన్లలో అది లోపలే ఉంటుంది, బిళ్లలు వేసి శుభ్రం చేయాలి. పని తక్కువే గానీ, తేమ ఎక్కువున్న మన తీరంలో కంటితో చూసి కడిగి ఆరబెట్టుకోగలిగిన మొదటి రకమే ధైర్యం.

టేపు పట్టుకుని వెళ్లండి

‘కాంపాక్ట్’ అన్న మాట చూసి మోసపోవద్దు. మెలిట్టా సోలో వెడల్పు 20 సెంటీమీటర్లు. డెలోంగి మాగ్నిఫికా ఎస్ వెడల్పు 24, ఎత్తు 35, లోతు 43. ఫిలిప్స్ 2200 వెడల్పు 25, ఎత్తు 37, లోతు 43. గట్టు మీద పట్టేస్తాయి. కానీ పైన షెల్ఫ్ ఉంటే గింజలు పోయడానికి మూత తెరుచుకోదు. కనీసం ఓ జానెడు ఖాళీ ఉండాలి. సన్నటి మెషిన్ అంటే చిన్న ట్యాంకు కూడా. సోలోలో 1.2 లీటర్లే. ఇద్దరున్న ఇంటికి చాలు, ఆరుగురికి చాలదు.

మిగతావి షాపులోనే అడిగేయండి. కాఫీ దిగే గొట్టం పైకీ కిందికీ జరుగుతుందా? మన గ్లాసు కింద పడుతుందా? పొడి ఎంత మెత్తగా ఉండాలో, కాఫీ ఎన్ని మిల్లీలీటర్లు రావాలో మార్చుకోవచ్చా? బొమ్మలున్న బటన్లా, సెల్‌ఫోన్ యాప్ కావాలా? పెద్దవాళ్లకి బటన్లే నయం. రిపేరు వస్తే నెల్లూరుకి మనిషి వస్తాడా, మెషిన్‌నే మోసుకుని చెన్నై వెళ్లాలా? ఈ చివరి ప్రశ్నకి జవాబు నోటిమాటగా కాకుండా కాయితం మీద తీసుకోండి. ‘15 బార్’, ‘19 బార్’ అని పెట్టె మీద ఉండే అంకెలకి మాత్రం అదనంగా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మంచి ఎస్ప్రెసోకి పొడి దగ్గర కావాల్సింది 9 బార్లే. ఒక్కసారి నడిపించి చూపించమనండి. మర చప్పుడు ఎంతో తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఇంట్లో ఆ చప్పుడుకి పసిపిల్లలు లేస్తారు మరి.

ఖర్చు లెక్కా వేసుకోండి. నలుగురు రోజుకు రెండేసి కప్పులు. కప్పుకి 9 గ్రాములు. రోజుకు 72 గ్రాములు, నెలకి రెండు కిలోలపైనే. కిలో గింజలు రూ.1,200 అనుకున్నా నెలకి రూ.2,600 దాకా. దీనికి డీస్కేలింగ్ ద్రావణం, నీటి ఫిల్టరు అదనం. ఇప్పుడు మీరు పొడికి పెడుతున్న ఖర్చు పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

ఎవరికి మేలు? ఎవరికి వద్దు?

ఇంట్లో ముగ్గురు నలుగురే. ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఒకరు రాత్రి ఆఫీసు పనిలో తాగుతారు. పాలు లేని కాఫీ ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. మంచి నీళ్లకి లోటు లేదు, కడగడానికి ఓపికుంది. ఇలాంటి ఇంటికి చిన్న ఆటోమేటిక్ మెషిన్ నిజంగా సుఖం. బ్రూ గ్రూప్ ఊడివచ్చే, పాల హంగులు లేని మోడల్ తీసుకోండి.

ఉమ్మడి కుటుంబమై, చికోరీ లేనిది కాఫీయే కాదనుకుంటే, పదిమంది చుట్టాలకి ఒకేసారి గ్లాసులు అందించాల్సిన ఇల్లయితే మెషిన్ వద్దు. అది ఒక్కో కప్పు చొప్పున ఇస్తుంది. పదో గ్లాసు వచ్చేసరికి మొదటాయన బయల్దేరి వెళ్లిపోతాడు. ఫిల్టరులో దిగిన డికాక్షన్ ఒక్క గిన్నెతో అందర్నీ ఆదుకుంటుంది. అలాంటి ఇళ్లు ఓ మంచి కాఫీ గ్రైండరు కొనుక్కుంటే చాలు. తాజా గింజలు తెచ్చి, ఫిల్టరుకి తగ్గట్టు పొడి చేసుకుని, ఇష్టమైనంత చికోరీ విడిగా కలుపుకోవచ్చు. మెషిన్ ఇచ్చే అసలు లాభం, ఆ తాజా పొడి వాసన, దాని ధరలో కొద్ది భాగానికే దక్కుతుంది.

అప్పటికీ మనసు మెషిన్ మీదే ఉంటే ఒక నెల ఆగండి. ఆ నెలంతా చికోరీ లేని అచ్చ కాఫీ పొడి తెచ్చి మీ ఫిల్టరులోనే వేసుకుని తాగి చూడండి. ఇంటిల్లిపాదీ ‘బాగుంది’ అంటే షాపుకి వెళ్లొచ్చు. మొహాలు చిట్లిస్తే... మీ నలభై వేలూ మీ దగ్గరే ఉన్నట్టు!